రెండు వేళ్ళ అబద్ధం

నేను ఒక గజంబద్దను. బందరు రేవు పక్కన తెల్లదొరలు బట్టలు కొనే కోఠీ కోసం తుమ్మకర్రతో పుట్టాను. వడ్రంగి వీరభద్రాచారి నన్ను సరైన కొలతకే కోయబోయాడు. దొరల తరఫున బేరమాడే దుబాసీ తిప్పన్న అడ్డుపడ్డాడు.

“ఇంకో రెండు వేళ్ళు ఉంచు.”

“కొలత తప్పితే చేతికి పాపం బాబూ.”

“పాపాల సంగతి పాదిరీగారు చూసుకుంటారులే.”

చూసుకున్నాడు కూడా. తిప్పన్న నా కొసలకు ఇత్తడి పొన్నులు తొడిగించి తెచ్చాక, పాదిరీ ప్రార్థన మందిరంలో నా మీద నీళ్ళు చల్లి, ధర్మమైన కొలత అని దీవించాడు. ఆయనకు మోసం తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. నాకు మండేది ఆ రెండోదానికే.

ఆనాటి నుంచి సాలెలు ఏ బట్ట తాను తెచ్చినా కురచే. కురచ తానును తిప్పన్న నడిమికి చించేవాడు, ఇంకెవరికీ అమ్ముకోకుండా. నన్ను చేతికర్రలా ఊరంతా తిప్పేవాడు. ఎదురు మాట్లాడిన సాలె పానకాలు మణికట్టు విరిగింది. పట్టుకున్న చెయ్యి తిప్పన్నదే. తగిలింది మాత్రం నేను.

పానకాలు భార్య నాంచారమ్మ. కిందటేడు పాదిరీ ఆమెకు జ్ఞానస్నానం ఇచ్చి మరియమ్మ అని పేరు మార్చాడు. మొగుడి చెయ్యి పోయాక మగ్గం గుంటలోకి ఆమే దిగింది. కురచ అంటారని మూరెడు ఎక్కువే నేసింది. అయినా గజానికి రెండేసి వేళ్ళు మింగే నా లెక్కలో అదీ కురచే అన్నాడు తిప్పన్న, చించాడు. ఆమె ఏడవలేదు. ముక్కలు మడిచి తీసుకుపోయింది.

ఆదివారం ప్రార్థనకు సాలెవీధి పాత గజంబద్దను చంకన పెట్టుకొని వచ్చింది. తిప్పన్న పక్కన గోడకు ఆనించి ఉన్న నన్ను తీసి, రెంటినీ జతగా నిలబెట్టింది.

“చూడండయ్యా. ఏది ధర్మం?”

పాదిరీ నా వైపు చాలాసేపు చూశాడు. తరవాత ముందు వరసలో కూర్చున్న కోఠీ దొర వైపు చూశాడు.

“ఇది దేవుడి ఇల్లు, మరియమ్మా. బేరాలు కోఠీలో చూసుకోండి.”

“దీనికి దీవెనిచ్చింది ఇక్కడే గదయ్యా,” అంది. “నా పేరు నాంచారమ్మ. మీరిచ్చిన పేరు మీరే ఉంచుకోండి.”

నన్ను నేలమీద పడేసి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల్లో సాలెవీధి ఖాళీ అయింది. మగ్గాలు విప్పి బండ్లకెత్తి, ముప్పై కుటుంబాలూ ఏరు దాటిపోయాయి. బట్టలెత్తుకుపోయే దొరల ఓడ సగం కడుపుతో బయలుదేరింది. తిప్పన్న వీధిలోకొచ్చి, తెరిచి ఉన్న తలుపులనే నాతో బాదాడు. పొన్ను ఊడిపోయేదాకా బాది, నన్ను పానకాలు మగ్గం గుంటలోకి విసిరేశాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. కప్పు కూలింది. గుంటలో నాంచారమ్మ కాళ్ళు ఆడిన చోట మన్ను ఇంకా నున్నగానే ఉంది. నేను దానిమీదే పడి ఉన్నాను. చెదలు నన్ను తింటున్నాయి. ఎవరూ దులపకండి.