కడిగిన గోడ

మేస్త్రికి అప్పగించింది పది గజాల గోడ. పాత రికార్డుల ఆఫీసు వెనకవైపుది, రాతి కట్టుబడి. రాళ్ళ సందుల్లో సున్నం రాలిపోయి వేళ్ళు దూరేంత ఖాళీలు పడ్డాయి. వాటిని నింపాలి. నింపిన చోటు పాతదానిలో కలిసిపోవాలి. కలిస్తే మిగతా మూడు వైపులా ఇదే పద్ధతి. కలవకపోతే నాలుగు వైపులా సిమెంటు పూత.

సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. ఊరి చివర వంతెనకు అదే జరిగింది. ఆ పూత పూసినవాళ్ళలో మేస్త్రి కూడా ఒకడు.

సున్నం మాలు ఆరితే పాలిపోతుంది. అందుకని మేస్త్రీ, అతని పెళ్ళామూ ముందే పద్నాలుగు రకాలు కలిపి, పలక మీద ముద్దలు పెట్టి, మూడు వారాలు ఆరబెట్టారు. ఇసుక ఆమె జల్లించింది. బొగ్గుపొడి, ఇటుకపొడి చిటికెల లెక్కన అతను కలిపాడు. పదకొండో ముద్దని రాళ్ళ మధ్య పెట్టి, మళ్ళీ తీద్దామంటే కాసేపు దొరకలేదు.

"ఇక్కడే పెట్టానే, ఏదీ?"

"రోజూ నీ కళ్ళజోడు కోసం కూడా ఇలాగే వెతుకుతావు," అంది ఆమె.

ఆ పాళ్ళతోనే సందులన్నీ నింపారు. పని శనివారానికి అయింది. చూసి తేల్చాల్సిన అధికారి మేడమ్ సోమవారం వస్తానన్నారు. సోమవారం పొద్దున ఇద్దరూ వచ్చేసరికి గోడ కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాచ్‌మన్ పైపు చుట్టుకుంటున్నాడు.

"చూడు బావా, ఎలా తేలిందో. కార్లు కడిగే మిషన్ అడిగి తెచ్చా. మేడమ్ కంట్లో మీ పని పడాలని నిన్నటినుంచీ ఇదే పని. మీరు పూసినచోట మాత్రం మెల్లిగా పట్టాలే."

ఏళ్ళ తరబడి పట్టిన మసీ నాచూ వదిలిపోయాయి. రాయి తెల్లబడింది. పాత సున్నమూ తెల్లబడింది. కొత్త మాలులో బొగ్గు లోపలిదాకా ఉంది, అది పోలేదు. గోడంతా నల్లదారంతో కుట్లు వేసినట్టుంది.

"ఎంత పని చేశావన్నయ్యా," అంది మేస్త్రి భార్య.

"ఏమైంది చెల్లెమ్మా?" అంటూ వాచ్‌మన్ గోడకేసి తిరిగాడు. కాసేపు చూశాడు. పైపు కింద పెట్టాడు. "బురద పూసేద్దామా బావా?"

"బురదతో అయ్యే పని కాదు. ముప్పై నలభై ఏళ్ళ వానలు కావాలి."

అధికారి పదింటికి వచ్చారు. వెంట పూత కాంట్రాక్టరు మనిషి, చేతిలో టేపు.

"ఎవరు కడిగారు?"

వాచ్‌మన్ తల వంచుకున్నాడు.

"శుభ్రం చేద్దామనుకున్నాం మేడమ్," అన్నాడు మేస్త్రి. జరిగింది విడమరిచి చెప్పాడు. పదకొండో ముద్ద తెచ్చి చూపించాడు. "నెల రోజులివ్వండి. ఇప్పుడున్న రంగుకే మళ్ళీ కలుపుతాను."

ఆవిడ అంతా విన్నారు. "మీ మాట నమ్ముతాను మేస్త్రిగారూ. కానీ నేను పైకి పంపాల్సింది ఫోటో. వానలు పడేలోపు పూత అయిపోవాలని పైనుంచి ఒకటే పోరు."

"పోనీ, ఈ ఒక్క వైపైనా వదిలేయండి."

"మూడు వైపులు ఒకలా, ఇది ఒకలా ఉంటే ఏం బావుంటుంది చెప్పండి?" ఆవిడ ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు.

కాంట్రాక్టరు మనిషి దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఆ నిచ్చెన కాస్త ఇస్తావా? పూత మట్టానికి దారం కట్టుకోవాలి."

మేస్త్రి ఇచ్చాడు. తడి నేల మీద నిచ్చెన జారబోతే కాలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. పైన ఆ మనిషి నల్లగా ఉన్న సందు చూసుకుని మేకు పెట్టి కొట్టాడు. రెండు దెబ్బలకే దిగింది.

"ఇంత మెత్తగా ఉందేంటన్నా?"

"అది అలాగే ఉండాలి."

ఆ మనిషి రెండో మేకు కోసం కిందికి చెయ్యి చాపాడు. మేకుల డబ్బా మేస్త్రి కాళ్ళ దగ్గరే ఉంది.