జాకబ్ గొంతు

లైన్‌మ్యాన్ విష్ణువర్ధన్ కరెంటు స్తంభం ఎక్కి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. ఎక్కేది జాకబ్. ఉద్యోగం ఆయనది, స్తంభం ఇతనిది. రైతులు పిలిచి చేతిలో పెట్టిందే జాకబ్ సంపాదన. చెప్పుకోవడానికి మాత్రం ప్రైవేటు హెల్పర్ అని ఒక పేరు తగిలించారు. పోస్టులు పడితే మొదటిది నీదేనని విష్ణువర్ధన్ పదేళ్లకు పైగా చెబుతూనే ఉన్నాడు, జాకబ్ నమ్ముతూనే ఉన్నాడు.

స్తంభం ఎక్కే ముందు లైన్‌మ్యాన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైనుకు కరెంటు ఆపించాలి. దాన్నే ఎల్‌సీ తీసుకోవడం అంటారు. పని ముగించి కిందికి దిగాక, మళ్లీ ఫోన్ చేసి వదలమనాలి. ఆ ఫోన్లు కూడా జాకబే చేసేవాడు. సబ్‌స్టేషన్లో కూర్చునే సోమప్పకు వేరే రుజువేమీ అక్కర్లేదు. జాకబ్ గొంతు వింటే ఆపేవాడు, జాకబ్ గొంతు వింటే వదిలేవాడు.

అలాంటి వేళ కొండ మీది గాలిమరల కంపెనీలో గేటు కాపలా ఉద్యోగం వచ్చింది. జాకబ్ భార్య ఎలిజబెత్ తమ్ముడు ఎవరెవరినో పట్టుకుని తన బావ కోసం కుదిర్చాడు. నెల జీతం, యూనిఫారం, అన్నింటికన్నా ముఖ్యంగా నేల మీద నిలబడి చేసే పని. ఎలిజబెత్ చాలా ఏళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఆ రోజు బయటపెట్టింది.

"నువ్వు స్తంభమెక్కినావని తెలిస్తే నేను పొయ్యి ముట్టిచ్చను. నువ్వు దిగినావని తెలిసినంక ముట్టిస్తా. ఇన్నేండ్లూ మన ఇంట్లో అన్నం ఆలిస్యం అయ్యేది అందుకే."

ఆ సంగతి జాకబ్‌కు అంతవరకు తెలియదు. అయినా సరేననలేకపోయాడు. తాను మానేసిన నెలలోనే పోస్టులు పడితే? పదేళ్లు స్తంభాల మీద కాలిన ఒళ్లు ఎవడికో ఉద్యోగం తెచ్చిపెడితే? ఆశ అంత పాడుది, మనిషిని పోనివ్వదు, ఉండనివ్వదు. ఆలోచించి ఆలోచించి, ఏదీ తేల్చుకోకపోవడమే తెలివి అనుకున్నాడు. ఒక నెల కొండ మీద చేసి చూద్దాం, విష్ణువర్ధన్‌కు చెప్పొద్దు, అంతవరకు మన నారాయణప్ప ఎక్కుతాడు అని లెక్క వేసుకున్నాడు.

నారాయణప్పది అదే వీధి. వానలు లేక చెనక్కాయ పంట పోయి, కూలీ పనులు కూడా దొరక్క, జాకబ్ వెంట తాడు పట్టుకుని తిరిగి పని నేర్చుకున్నవాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు. కానీ సోమప్ప ఒప్పుకోలేదు. కొత్త గొంతు వినగానే, నువ్వెవురప్పా, జాకబ్‌తో చెప్పించు అని ఫోన్ పెట్టేశాడు. దాంతో ఇద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. నారాయణప్ప స్తంభం దగ్గర నుంచి జాకబ్‌కు ఫోన్ చేస్తాడు. జాకబ్ కొండ మీద నుంచి సోమప్పకు చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. తర్వాత నారాయణప్పకు చేసి, "ఎక్కన్నా, నేనుండా" అంటాడు. దిగాక మళ్లీ అదే వరస. నారాయణప్ప పాత ఫోన్ స్పీకర్లో పెడితే తప్ప వినపడదు కాబట్టి ఆ మాట చుట్టుపక్కల అందరూ వినేవాళ్లు. అతని భార్య చౌడమ్మకైతే అది కంఠతా వచ్చేసింది.

కొన్ని రోజులు బాగానే గడిచాయి. విష్ణువర్ధన్‌కు తెలియకపోలేదు. పని జరుగుతోంది కదా, ఎవడు ఎక్కితే ఏమని ఊరుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం రైతు బయ్యన్న తోట దగ్గర తీగ తెగింది. ఎప్పటిలాగే కరెంటు ఆపించి, నారాయణప్పను ఎక్కించాడు జాకబ్. కాసేపటికి ఫోన్ వచ్చింది. "అయిపాయ జాకబూ, దిగినా" అన్నాడు నారాయణప్ప. సరే వదిలిపిస్తానని జాకబ్ సోమప్ప నంబరు వెతుకుతుండగానే గేటు ముందు కంపెనీ పెద్దల కార్లు వచ్చి నిలబడ్డాయి. గేటు దగ్గర ఫోన్ పట్టుకుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. ఫోన్ గదిలో పడేసి పరుగెత్తాడు. సెల్యూట్లు కొట్టి, వచ్చినవాళ్ల పేర్లు రాయించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. ఇంతసేపు మోటార్లు ఆగిపోయాయి, రైతులు తిడుతుంటారని గాభరా పడి, గదిలోకి వస్తూనే సోమప్పకు ఫోన్ కలిపాడు.

"ఇడిసెయ్ అన్నా" అన్నాడు. సోమప్ప వదిలేశాడు.

తర్వాత చూశాడు ఫోన్‌లో, తాను ఎత్తని పిలుపులు. అన్నీ నారాయణప్పవే. అక్కడ తోటలో, లైను ఎలాగూ ఆగి ఉందని బయ్యన్న ఇంకో స్తంభం చూపించాడు, ఆడ తీగల్ని కలిపే జంపరు లూజుగా ఉండాది, అదీ బిగించిపో అన్నాడు. నారాయణప్ప జాకబ్‌కు చెబుదామని మళ్లీ మళ్లీ చేశాడు. ఎత్తకపోతే, ఇన్ని పిలుపులు చూశాక నన్ను అడగందే వీడు వదిలించడులే అనే నమ్మకంతో ఎక్కాడు.

జాకబ్ తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాడు. చివరికి ఎవరో ఎత్తి, మనిషి తీగల మీదే ఉండాడని చెప్పారు.  నారాయణప్పను చంపింది కరెంటు కాదు, జాకబ్ నోటి మాట. ఆ సంగతి అతనికి తెలుసు, సోమప్పకు తెలుసు.

మరుసటి రోజుకే ఊరంతా ఒక మాట పాకింది. నారాయణప్ప కొక్కేలు తగిలించి కరెంటు దొంగిలించబోయి చచ్చాడట. నేను పిలవనే లేదని బయ్యన్న ఒట్టు పెట్టుకున్నాడు. డిపార్టుమెంటు పని మీద పోయాడని తేలితే కదా ఆ కుటుంబానికి పరిహారం, దొంగకు ఏమిస్తారు?

విష్ణువర్ధన్ జాకబ్ ఇంటికి నడిచి వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదలు.

"నీ పేరు యాడా లేదు జాకబూ. ఆ పొద్దు నువ్వు కొండ మీద ఉండావు, అంతే. నోరిడిస్తే నువ్వూ పోతావు, నేనూ పోతా, సోమప్పా పోతాడు. సల్లగా నీ పని నువ్వు చేసుకో. పోస్టులు పడితే నేను సూసుకుంటా" అన్నాడు.

ఎక్కడైనా తన పేరు ఉంటే చాలని పదేళ్లు ఎదురు చూసిన మనిషికి, పేరు లేకపోవడమే ఇప్పుడు రక్ష అయింది.  ఎలిజబెత్ వెలిగించిన పొయ్యి మీద అన్నం మాడుతోంది.

చౌడమ్మ అడిగింది ఒకటే. పోలీస్ స్టేషన్‌కు వచ్చి, నారాయణప్ప దొంగ కాడు, లైను పనికి ఎక్కాడు అని చెప్పమంది. కరెంటు ఎవరు వదిలించారో ఆమెకు తెలియదు. జాకబ్ సరే వదినా అన్నాడు. యూనిఫారంలోనే ఆమె వెంట నడిచాడు. దారి పొడవునా చెప్పాలనే అనుకున్నాడు.

స్టేషన్‌లో విష్ణువర్ధన్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎస్సై జాకబ్‌ను పైనుంచి కిందికి చూసి, నువ్వేం పని చేస్తావని అడిగాడు.

ఇన్ని రోజులుగా తేల్చుకోలేని ప్రశ్న అది. ఒక్క క్షణంలో తేలిపోయింది.

"గాలిమర కంపెనీలో వాచ్‌మెన్ సార్."

"కరెంటు పనితో నీకేమైనా సంబంధం ఉందా?"

"లేదు సార్."

విష్ణువర్ధన్ కిటికీ వైపు తిరిగాడు. ఎస్సై ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. తలుపు దగ్గరే అంతా విన్న చౌడమ్మ బయట వేపచెట్టు కింద నిలబడిపోయింది.  అతని ముఖంలోకి చూసింది.

"ఎక్కన్నా, నేనుండా అనింది ఈ గొంతే గదా జాకబూ" అంది.

కొండకు పోయే కంపెనీ జీపు రోడ్డు మీద ఆగి హారన్ కొట్టింది. జాకబ్ పోయి ఎక్కాడు.