తడి దుప్పట్ల బండి

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, మానవ హక్కుల పీజీ క్లాసులో, వెనక వరసలో కూర్చున్న లాండ్రీ కంపెనీ అధికారి చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగాడు.

"ఆ స్పృహ తప్పినావిడ ఇంకా మా దగ్గరే పనిచేస్తోందా?"

తన పరిశోధన చెబుతున్న విద్యార్థిని "చెప్పకూడదండీ" అంది. అతను తలూపి ఫోన్లో ఏదో రాసుకున్నాడు.

చదువు పుస్తకాల దగ్గరే ఆగిపోకూడదని ఆ విభాగం వాళ్ళు విద్యార్థులు తమ పరిశోధనలు చెప్పే రోజున కంపెనీల వాళ్ళనీ పిలుస్తారు. ఎవరు వస్తున్నారో పొద్దున్నే తలుపు మీద అంటిస్తారు. ఆమె హడావుడిలో అది చూడలేదు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో, ఇస్త్రీ ప్రెస్సు దగ్గర పనిచేసే ఆడవాళ్ళ మీద ఆమె థీసిస్. ఆమె చదువుకోవడానికి వచ్చిన ఆ పరాయి దేశంలో, ఆ ప్రెస్సుల మధ్య తెలుగు వచ్చినావిడ ఒక్కతే. ఆవిడని ఈమె అక్కా అని పిలిచేది. ఆవిడ ఈమెని లాయరమ్మా అనేది. తాను లా చదవలేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "హక్కులంటావు, లాయర్ని కాదంటావు. మరి అంత దూరం నుంచి ఇక్కడికొచ్చి ఏం పీకుతున్నట్టు?" అని నవ్వేది.

థీసిస్‌లో అక్క పేరు మార్చింది. వయసు, ఊరు, పిల్లల సంగతి కూడా మార్చింది. ప్రెస్సు దగ్గర పడిపోతే తడి దుప్పట్ల బండి మీద పడుకోబెట్టి, కళ్ళు తెరవగానే మళ్ళీ పనిలోకి పంపారన్న వాక్యాన్ని మాత్రం అలాగే ఉంచింది. ప్రొఫెసరు మెచ్చుకున్న వాక్యం అది. దారిన పోయేవాళ్ళు అక్కని గుర్తుపట్టకుండా జాగ్రత్తపడింది గానీ, జీతమిచ్చేవాళ్ళు గుర్తుపడతారని తట్టలేదు. ఆ లాండ్రీలో బండి మీద పడుకున్నది అక్క ఒక్కతే.

క్లాసు అవగానే బస్సెక్కింది. షిఫ్టులో ఫోన్లు లాకర్లలో ఉంటాయి కాబట్టి ఫోన్ చేసి లాభం లేదు. లాండ్రీ గేటు ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. టీ విరామంలో అక్క బయటికొచ్చింది.

"ఏంటి లాయరమ్మా, క్లాసు ఎగ్గొట్టావా?"

జరిగింది చెప్పింది. అక్క టీ కప్పు గోడ మీద పెట్టేసింది.

"పేరు రాదన్నావు కదే!"

"పేరు రాలేదక్కా. బండి సంగతే..."

"బండి సంగతి చెప్పాక ఇంక పేరెందుకు? ఫొటో కూడా పెట్టలేకపోయావా?"

"తప్పు నాదే అక్కా."

"తప్పని తీరిగ్గా ఏడుద్దువు గాని. నా వీసా కంపెనీది, గది కంపెనీది. పొమ్మంటే రెండూ పోతాయి." గొంతు తగ్గించింది. "ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తానన్నావా లేదా? వద్దంటున్నా. తీసెయ్."

"తీసేస్తే ఆ అధ్యాయం..."

"నీ చదువు పోతుందా?"

"పోదు. వెనకపడుతుంది."

"పడనీ. నేను పడలేదూ?"

లోపల బెల్లు మోగింది. అక్క వెళ్ళిపోయింది. టీ అలాగే ఉంది.

మధ్యాహ్నం ప్రొఫెసరు అంతా విని, "చెప్పిన మాట వెనక్కి తీసుకునే హక్కు ఆవిడది. కానీ అది లేకుండా శుక్రవారం నువ్వు థీసిస్ ఇవ్వలేవు. వచ్చే బ్యాచ్‌తో ఇవ్వాల్సి వస్తుంది. ఆలోచించుకో" అన్నాడు.

"తీసేస్తాను సార్."

క్లాసులో విన్నది బయట వాడకూడదని ప్రొఫెసరు ఆ అధికారికి రాశాడు. జవాబు ఒక్క మాటే వచ్చింది: "అందింది."

అధ్యాయం తీసేసింది. బుధవారం గదిలో కూర్చోలేక లైబ్రరీకి వెళ్ళింది, అక్కడా కాలు నిలవక గదికే వచ్చింది. అక్క ఫోన్ ఎత్తలేదు. గురువారం సాయంత్రం మెసేజి వచ్చింది: "ప్రెస్సు వాళ్ళని ఒక్కొక్కరినీ ఆఫీసులోకి పిలుస్తున్నారు. రేపు నేను. ఫోన్ చెయ్యకు."

శుక్రవారం పొద్దున తోటి విద్యార్థులు థీసిస్‌లు ఇచ్చే వేళకి ఆమె లాండ్రీ గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడింది. కంపెనీ బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో అక్క ఉంది. ఇటు చూడలేదు. సెక్యూరిటీ అతను అక్క కార్డు చూసి, మిగతావాళ్ళని షెడ్డు వైపు పంపించి, ఆవిడకి ఆఫీసు తలుపు చూపించాడు. అక్క లోపలికి వెళ్ళింది.