మట్టి లేని దుంపలు

బడి వంటింట్లో పద్దెనిమిదేళ్లుగా గరిటె తిప్పుతున్న వంటావిడకు పొయ్యి ముట్టించకముందే ఒళ్లు అలిసిపోయే రోజులొచ్చాయి. మూడేళ్లు బడి భోజనాల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, దూరపు గోదాము నుంచి లారీలో వచ్చే వడిలిన సరుకు మానేసి, ఊరి చివర తోటలవాళ్ల దగ్గరే కొనడానికి ఒప్పుకున్నారు. అదీ రెండు వారాలు, పరీక్షకి. ఒక్క లోడు తిప్పి పంపినా మళ్లీ ఆ లారీయే.

మొదటి వారం గట్టెక్కింది. పిల్లలు కంచాలు నాకినంత పని చేశారు. అన్నిటికీ వంకలు పెట్టే హెడ్మాస్టరు కూడా రెండోసారి వడ్డించుకుని, ఎవరూ చూడలేదనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే దుంపల పిన్ని బండి తోలుకొచ్చింది. తోటలవాళ్లందరి సరుకూ తెచ్చేది ఆవిడే. బంగాళాదుంపలు ఆవిడ చేలోవి కాబట్టి వంటింట్లో ఆ పేరు పడిపోయింది. పన్నెండు సంచులు దింపి, మొహం వెలిగిపోతుండగా నిలబడింది.

"విప్పి చూడమ్మాయ్!"

వంటావిడ ఒక సంచి మూతి విప్పింది. కుళ్లు వాసన గుప్పుమంది. దుంపలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, ముట్టుకుంటే జిగురు. రెండో సంచీ అంతే. మూడోదీ అంతే.

"కడిగారా పిన్నీ?"

"శనివారమే! ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మీ బాబాయికి నడుం పట్టేసింది కూడాను. మళ్లీ దుమ్ము పడకుండా తడిమీదే ప్లాస్టిక్ సంచుల్లో కట్టేశాం."

"ఎవరు కడగమన్నారు మిమ్మల్ని?"

"నువ్వే కదే, గురువారం అన్నావు. మట్టి కడగలేక చేతులు పడిపోతున్నాయి పిన్నీ, అని."

నిజమే, అన్నది. మూడొందల మందికి దుంపలు కడిగి, నడుం ఎత్తలేక, ఎవరు వింటున్నారో కూడా చూసుకోకుండా అన్న మాట. వంటావిడకు తన నోరు తనే కుట్టేసుకోవాలనిపించింది. మూడేళ్ల తిరుగుడంతా ఒక్క విసుగుతో నేలపాలు చేసుకుంది.

ఇద్దరూ నేలమీద చతికిలబడి ఏరారు. మంచివి నాలుగు సంచులు కూడా తేలలేదు. చేను తవ్వి మళ్లీ తేవాలంటే మధ్యాహ్నం దాటుతుంది. ఈలోగా సరుకు చూసే తనిఖీ ఆఫీసరు రానే వచ్చాడు. చెడ్డవాడేం కాదు. సంచుల వంకా, ఇద్దరి మొహాల వంకా చూసి గొంతు తగ్గించాడు.

"బాగానే ఉన్నాయని రాసేస్తానమ్మా. మరి ఇవన్నీ మీరు వండుతారా?"

వంటావిడ పిన్ని వైపు చూడలేకపోయింది. బెంచీల మీద గోలగోలగా తోసుకుంటున్న పిల్లలు కిటికీలోంచి కనిపిస్తున్నారు.

"వండలేనండీ. తిప్పి పంపుతున్నట్టు రాయండి," అని తనే సంతకం పెట్టింది.

ఆయన కారణం దగ్గర 'తోటలవాళ్ల అజాగ్రత్త' అని రాయబోయాడు.

"అది కాదండీ. నా నోటి దూల అని రాయండి."

"అలా రాస్తే పైవాళ్లు ఒప్పుకోరమ్మా," అన్నాడు నీరసంగా.

పిన్ని సంచులు బండికెత్తుకుంది. నాలుగు తిట్టి ఉంటే వంటావిడకు కాస్త బాగుండేది. బండెక్కాక వెనక్కి తిరిగింది.

"చేతులు ఎలా ఉన్నాయే ఇప్పుడు?"

మర్నాడు గోదాము లారీ వచ్చింది. వంటావిడ అలవాటు కొద్దీ దుంపలు కుళాయి కింద పెట్టింది. మెత్తగా, ముడతలు పడి, శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు తేటగానే పోయాయి. కడగడానికేమీ లేకపోయినా ఆమె చాలాసేపు కడుగుతూనే నిలబడింది.