మీలో వరుడెవరు?

నూజివీడు బస్సు దిగి తోటలో అడుగుపెట్టిన కృష్ణవేణికి, తల్లిచెట్టు చుట్టూ మంచెల మీద ఉండాల్సిన నూట ఇరవై మామిడి అంట్లూ తెగి కనిపించాయి.

ఒక్కటి మిగల్లేదు. కొమ్మకూ మొక్కకూ కలిపి కట్టిన కట్లన్నీ ఎవరో ఓపిగ్గా విప్పి, సరిగ్గా అతుకు మధ్యలోంచి కత్తి దింపారు. రెండు నెలల పని ఒక్క పూటలో పోయింది. విచిత్రమేమిటంటే, తల్లిచెట్టు కొమ్మల మీద ప్రతి గాటుకూ పచ్చి పేడ మెత్తి ఉంది.

వెనకే వచ్చిన పుష్పవతి చేతిసంచి జారవిడిచి అక్కడే చతికిలబడింది.

"ఏడవకే," అంది కృష్ణవేణి. ఆమెకు ఏడుపు కాదు, కోపం వచ్చింది.

అవి చిన్నరసం అంట్లు. మంచి చెట్టు కొమ్మను కుండీలోని మొలకకు ఆనించి, రెండింటి బెరడూ చెక్కి, కట్టు కట్టి, ఒకటయ్యేదాకా కాపలా కాయాలి. ఆ పనిలో పుష్పవతి చేతికి తిరుగులేదు. వాటి మీదే ఆ ఇద్దరి బతుకూ ఆధారపడి ఉంది. పుష్పవతి అన్న చిన్నయ్య మైలవరం నుంచి పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పి వెళ్లాడు. "అంట్లు అతికితే మీ బతుకు మీరు బతకండి, అడ్డం రాను. అతక్కపోయాయో, వినాయకచవితి వెళ్లగానే దీని మెడలో తాళి పడుద్ది."

తాళి కట్టేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. ఆగిరిపల్లి సత్యనారాయణ. వాడికో లూనా ఉంది. వారం వారం దాని మీద వచ్చి మల్లెపూల పొట్లం గుమ్మంలో పెట్టి పోయేవాడు. కృష్ణవేణి దాన్ని తిన్నగా మేకకు వేసేది. ఒకసారి పుష్పవతి మూరెడు తుంచి తల్లో పెట్టుకుంటే మూడు రోజులు మాట్లాడలేదు.

"పూలు పూలేగా, వేణీ?"

"పూలు పూలే. వాటికి లూనా ఎందుకంట?"

ఇప్పుడు తెగిన అంట్ల మధ్య నిలబడితే ఆ లూనా చప్పుడే ఆమె చెవుల్లో మోగింది.

పాకలోంచి కాపలాదారు కొండయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి. పదిహేనేళ్లు అదే పాకలో తనతో ఉన్న రాములు నిరుడు పెళ్లి చేసుకుని హనుమాన్ జంక్షన్ వెళ్లిపోయిన దగ్గర్నుంచీ మాటలు బాగా తగ్గించేశాడు.

"లాయరుగారేమన్నారమ్మాయ్?" అన్నాడు.

"లాయరు సంగతి తర్వాత బాబాయ్! చెట్టు చూడు ముందు!"

"మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంది," అని తల దించుకున్నాడు కొండయ్య.

లాయరు ప్రభాకరరావుగారు ఆ ఉదయం చట్టం పుస్తకం తెరిచి నవ్వారు. "ఏ ఇద్దరు హిందువుల మధ్యనైనా పెళ్లి జరగొచ్చనే మొదలుపెట్టారమ్మా. కాస్త కిందికి దిగితే వరుడికి ఇరవై ఒకటి, వధువుకి పద్దెనిమిది నిండాలన్నారు. మీలో వరుడెవరు?"

"ఇద్దరికీ ఇరవై ఒకటి దాటాయి కదండీ," అంది పుష్పవతి.

లాయరుగారి నవ్వు ఆగిపోయింది. "కోర్టుకెళితే ఓడిపోతారు," అన్నారు చివరికి. "కానీ ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

కృష్ణవేణి తోటలోంచి తిన్నగా సీతమ్మ టీకొట్టుకు నడిచింది. ఉత్తరాదిన ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు దండలు మార్చుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నారని పేపర్లో పడినప్పటి నుంచీ అక్కడ అదే గోల.

"ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఇమ్మని చట్టం చేశారా? ఇదిగో, ఇప్పుడు మొగుడే అక్కర్లేదంటున్నారు!" అంటున్నాడో పెద్దమనిషి.

"ఎలక్షన్లొస్తే దానికీ చట్టం చేస్తారులే," అన్నాడింకొకడు.

సత్యనారాయణ బెంచీ మీద పేకముక్కలు కలుపుతున్నాడు. కృష్ణవేణి వెళ్లి వాడి చొక్కా పట్టుకుంది.

"అంట్లెందుకు కోశావురా?"

"ఏంటీ? నేనా? పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నా. అడుగు సీతమ్మక్కని."

"ఉన్నాడే తల్లీ," అంది సీతమ్మ. "నాలుగు టీలు తాగాడు, ఆట ఒక్కటీ గెలవలేదు."

"మరి కొమ్మలకి పేడ మెత్తిందెవరు?"

సత్యనారాయణ చొక్కా విదిలించుకున్నాడు. "పేడేంటి? నీ మీద కసితో కోసేవాణ్ణయితే చెట్టుకి వైద్యమెందుకు చేస్తానే? నాకు పూలే దండగయ్యాయి, పేడ కూడానా?"

కొట్టంతా గొల్లుమంది. కృష్ణవేణి మాత్రం నవ్వులు వినలేదు. ఆ చెట్టుకు గాటు పడితే పేడ మెత్తకుండా ఉండలేని మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే. దాన్ని మొక్కగా నాటింది ఆయనే. తామిద్దరూ లాయరు దగ్గరికి వెళుతున్నామని తెలిసిందీ ఆయనకే.

పరుగున వచ్చేసరికి కొండయ్య పాక ముందు కూర్చుని ఉన్నాడు. లోపల గోడవార రెండు కంచాలు ఇంకా పక్కపక్కనే బోర్లించి ఉన్నాయి. అతని గోళ్లలో పేడ ఎండిపోయింది. పుష్పవతి ఎదురుగా నిలబడి ఆ వేళ్లకేసే చూస్తోంది.

"బాబాయ్," అంది కృష్ణవేణి.

"నేనే అమ్మాయ్," అన్నాడు కొండయ్య. "ఆ పేపరు కబురు చదివిన రోజు కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వా. పాకకొచ్చి రాములు మంచం వంక చూస్తా కూర్చున్నా. వాళ్లమ్మ పిల్లని చూసిందంటే వాడితో 'వెళ్లిరా' అన్నాను. అంతకన్నా ఏమనాలో నాకు తెలీలేదు. మా గురించి కూడా ఎవర్నన్నా అడగొచ్చని పదిహేనేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. మీరేమో పొద్దున్నే తలకి నూనె రాసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, లాయర్ని అడగడానికి బస్సెక్కారు. ఒళ్లు మండిపోయింది. ఆయన సరేనంటే నేనేమైపోవాలి? అందుకే కోశా. కట్లు విప్పి చూశానమ్మా పుష్పా, ఒక్కటి కూడా తప్పలేదు. అన్నీ అతికాయి. అతికాయని చూసే కోశా. చెట్టుని మాత్రం అలా వదిలెయ్యలేకపోయా. రేపు మైలవరం బస్సెక్కుతా. అంట్లు అతికాయి, కోసింది కొండయ్య అని మీ అన్నకి నేనే చెబుతా. ఎందుకు కోశావని అడుగుతాడు. అదీ చెబుతా."