వాగు దారి

జైనూర్ దగ్గర వాగు మీద కల్వర్టు కడుతున్నారు. ఒడ్డున దించిన సిమెంటు పైపులను ఫోర్క్‌లిఫ్ట్‌తో కిందికి చేర్చడం వనజ పని. సిరిసిల్ల మరమగ్గాల ఇంట్లో పుట్టినా ఆమెకు గుట్టల్లో బండి నడపడం కొత్తేమీ కాదు, ఇది మూడో వానాకాలం.

వాన వెలిసిన ఆ పొద్దున ఆమె ముందుగా దారంతా నడిచి చూసింది. వాగు వైపు అంచు మెత్తబడి ఉంది. మొరం పోయిద్దామని అడిగితే సూపర్‌వైజర్ లింగమూర్తి టిప్పర్ మధ్యాహ్నానికి గానీ రాదని, మళ్లీ వాన పడితే పునాది మునుగుతుందని, ఒక్క పైపన్నా దించమని బతిమాలాడు. ఆయన పరేషాన్ చూసి వనజ సరేనంది.

చిన్న పైపును గొలుసుతో బిగించి, సీటుబెల్టు పెట్టుకుని, బరువు ఎగువకు ఉండేలా వెనక్కి దిగసాగింది. సగం దారిలో అంచు జారింది. బండి వాగు వైపు ఒరిగింది.

"దుంకు!" అని కూలీలు కేక వేశారు.

ఆమె ఒళ్లంతా అదే కోరింది. కానీ దూకినవాళ్ల మీదే బండి పడుతుందని ఆమెకు తెలుసు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, ఒరిగే వైపుకు ఎదురుగా వాలింది. పైపును మోస్తున్న ఫోర్కులను నేలకు దించింది. పైపు మట్టిలో దిగబడగానే బండి కదలక నిలిచింది.

జేసీబీతో బండిని పైకి లాగారు. లింగమూర్తి ముఖం పాలిపోయింది.

"తప్పు నాదే, వనజా. ఇయ్యాల్టికి రూముకు పో. రేపు ఇంకో డ్రైవర్ హరీష్‌ను పిలిపిస్త."

"హరీష్ దిగినా గదే అంచు గదా సార్," అందామె. "దారి గట్టిగ చెయ్యించుండ్రి. బండి నేనే నడుపుత."

టిప్పర్ వచ్చాక దారిని గుట్ట వైపుకు జరిపి, మొరం పరిచి, రోలర్‌తో తొక్కించారు. వాగు వైపు రాళ్లు పేర్చారు. వనజ మళ్లీ నడిచి చూసి, ఒకచోట ఇంకా మెత్తగా ఉందంటే అక్కడ మరోసారి తొక్కించారు. ఆ తర్వాతే బెల్టు బిగించింది.

జారిన చోటికి రాగానే బండి ఆపి, ఊపిరి తీసుకుని, నెమ్మదిగా దాటించింది. కింద తాపీపనివాళ్లు పైపును అందుకున్నారు.

చీకటి పడేలోగా పైపులన్నీ వాగులోకి చేరాయి.