జాకీ కిడ్నీ

క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఐదు.

నూరు కిలోల బరువును అమాంతం తలపైకెత్తే మనిషి, ఆ అంకె చూసి కుర్చీలోంచి లేవలేకపోయింది. వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ఆమె. కారు కింద పెట్టి లేపే జాకీలా ఉన్నావని తమ్ముడు చిన్నప్పుడే పేరు పెట్టేశాడు.

ఇప్పుడా తమ్ముడు రోజు విడిచి రోజు డయాలిసిస్ మంచం మీద ఉంటున్నాడు. గ్లాసెడు నీళ్లు కూడా కడుపారా తాగే వీల్లేదు. ఇంట్లో కిడ్నీ ఇవ్వడానికి అన్నీ కలిసిన దాత అక్క ఒక్కతే. తీరా ఆమె కిడ్నీలే సగం పనిచేస్తున్నాయంటోంది రిపోర్టు.

"ఆ ఇనుము మోయకే అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. విన్నావా?" అమ్మ రుసరుసలాడింది. "కిడ్నీలు అరగదీసుకున్నావ్!"

"అరగడానికి అవేమన్నా చెప్పులా అమ్మా?" అన్నాడు తమ్ముడు. నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు.

కిడ్నీల డాక్టరమ్మ రిపోర్టు చూసింది. జాకీ భుజాలు చూసింది.

"రక్తం ఇచ్చే ముందురోజు ఏం చేశారు?"

"ప్రాక్టీసు. మామూలుకి రెండింతలు. నేను గట్టిదాన్నని మీకు తెలియాలిగా!"

"ఏమన్నా తాగారా?"

"కండలకి క్రియాటిన్ పొడి."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "బాగుందమ్మా! జేబునిండా రాళ్లు వేసుకుని తూకానికి వచ్చారన్నమాట. క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. కిడ్నీలు వడకట్టలేకపోయినా పెరుగుతుంది, కండలెక్కువైనా, ఆ పొడి తాగినా పెరుగుతుంది. మీలో పెరిగింది ఎందుకో ఆ ఒక్క అంకె చెప్పలేదు. సిస్టాటిన్ సి అని కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష ఇంకోటుంది. దానికి కండలతో పెద్దగా పనిలేదు. గుండెకి పొంచి ఉన్న ముప్పును అంచనా వేయడానికీ పనికొస్తుంది. వారంపాటు బరువులు ముట్టకండి. పొడి మానేసి, అప్పుడు రండి."

ఆ వారం జాకీకి ఏడాదైంది. శిష్యురాళ్లు బరువులెత్తుతుంటే చేతులు కట్టుకుని నిలబడింది. ఒకవేళ అమ్మ మాటే నిజమైతే? తన సరదాయే తమ్ముడి పాలిట శాపమైతే? ఇంట్లో గ్యాస్ సిలిండర్ మీద చెయ్యి వేయబోతే అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ముట్టుకున్నావంటే కాళ్లు విరగ్గొడతా!" అంటూ తనే దొర్లించుకుపోయింది.

మళ్లీ రక్తం తీశారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ తల్లినీ కూతురినీ పిలిచింది.

"క్రియాటినిన్ దిగింది. సిస్టాటిన్ సి నిక్షేపంలా ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోవట్లేదు. గుండె పరీక్షల్లోనూ వంక పెట్టడానికేం లేదు. మా కిడ్నీ మార్పిడి కమిటీ కూడా సరేనంది. దాత మీరే."

జాకీ రిపోర్టు అందుకుని లేచింది. అమ్మ అప్పటికే బయటికి నడిచింది. వరండాలో ముక్కూ మొహం తెలియని ఒకావిడను ఆపి మరీ చెప్పింది.

"మా అమ్మాయండీ. నూరు కిలోలు ఎత్తుతుంది. ఆ భుజాలు చూశారా? లోపల కిడ్నీలు ఇంకా గట్టివి. డాక్టరే అన్నారు!"

ఇనుము మోయొద్దన్న మనిషేనా ఈవిడ! జాకీ వెన్ను దానంతటదే నిటారైంది. పతకం మెడలో పడ్డ రోజున కూడా అంత నిటారుగా నిలబడలేదు.

కబురు విన్న తమ్ముడు మంచం మీద లేచి కూర్చున్నాడు. "అయితే జాకీ, నీ కిడ్నీ పెట్టాక నేనూ నూరు కిలోలు ఎత్తుతానా?"

"ముందు నిండు గ్లాసు మంచినీళ్లు ఎత్తరా," అంది అక్క. "గటగటా తాగి చూపించు. నా రికార్డు నువ్వు కొట్టేసినట్టే."